మజ్జిగ వరయ్య గారి తేయాకు

మజ్జి గవరయ్యకి యాభై ఎనిమిదేళ్ళ జీవితంలో మజ్జిగతో ఎలాంటి తగాదా లేదు. పొద్దున్న చద్దన్నంలో పోసుకునేవాడు, మిట్టమధ్యాహ్నం ఓ గ్లాసు తాగేవాడు, ఆ మీదట దాని దారిన అది, తన దారిన తను. విశాఖపట్నం వన్‌టౌన్‌లో పోర్టు గేటుకి ఎదురుగా అతనికున్నది టీ కొట్టు. ఇంటిపేరు మజ్జి, పేరు గవరయ్య. ఈ రెంటికీ మధ్యనున్న కాస్త ఖాళీలో ప్రభుత్వం వచ్చి కూర్చుంటుందని అతను కలలో కూడా అనుకోలేదు.

కొట్టు నెత్తిమీద ఒక రేకు బోర్డు. దానిమీద ఎర్ర రంగుతో 'సిలోన్ టీ స్టాలు' అని గవరయ్య తండ్రి సూరయ్య స్వహస్తాలతో రాశాడు. చోటు చాలక 'స్టా' పైనుండిపోయి, 'లు' కింది వరసలో ఒంటరిగా నిలబడింది. ఆ కొట్లో సిలోన్ టీ ఏనాడూ లేదు. ఉన్నది సిలోన్ రేడియో. సాయంత్రం సూరయ్య రేడియో పెడితే పోర్టు కలాసీలు పాటలు వినడానికి వచ్చి, ఊరికే నించుంటే బాగుండదని టీ తాగేవారు. అలా రేడియో పేరు టీకి అంటుకుంది. తరవాత రేడియో మూగబోయింది, సూరయ్య కాలం చేశాడు, పేరు మాత్రం మరకలా ఉండిపోయింది. గవరయ్యని కూడా జనం సిలోన్ గవరయ్య అనే పిలిచేవారు. అతను సింహాచలం దాటి వెళ్ళిన సందర్భాలు తక్కువే అయినా సింహళం అతని పేరులో ఉండేది.

ఇలా ఉండగా ఆ ఏడు ప్రభుత్వానికి సత్యం మీద ప్రేమ పుట్టింది. ప్రభుత్వానికి దేనిమీద ప్రేమ పుడితే దానికి మూడినట్టే. 'పేరుకు తగ్గ సరుకు' అని ఒక పథకం పెట్టారు. బోర్డు మీద ఏ ఊరి పేరుంటే సరుకు ఆ ఊరిదే అయ్యుండాలి, కాకపోతే బోర్డు దింపాలి. దీన్ని అమలు చేయడానికి నామ నిజ నిర్ధారణ విభాగం అని ఒకటి వెలిసింది. జనం ఆ విభాగం వాళ్ళని నామాల ఇన్‌స్పెక్టర్లు అన్నారు. పేర్లు చూసేవాళ్ళు కాబట్టి అన్నారో, పెట్టేవాళ్ళు కాబట్టి అన్నారో తేల్చి చెప్పడం కష్టం.

నామాల ఇన్‌స్పెక్టరు హరనాథ్ ఒక సోమవారం గవరయ్య కొట్టు ముందు జీపు దిగాడు. అప్పటికే పక్క బండి పోలమ్మని మైసూరు బజ్జీకీ మైసూరుకీ ఉన్న బంధుత్వం నిరూపించమన్నాడట. తన బావగారి తోడల్లుడు మైసూరులో మేస్త్రీ పనికి వెళ్ళాడని ఆవిడ చెప్పింది. బంధుత్వం మనిషికి కాదు, బజ్జీకి ఉండాలన్నాడు. ఆవిడ బొగ్గు తీసుకుని 'మైసూరు' అన్న మాట చెరిపేసి, మిగిలిన బజ్జీల్లో ఒకటి అతని చేతిలో పెట్టింది. ఆ బజ్జీ నములుతూనే అతను గవరయ్య బోర్డుకేసి చూశాడు.

టీ పొడి ఎక్కడిదని అడిగాడు. గవరయ్య దాచుకోలేదు. కురుపాం మార్కెట్లో బస్తాలో వచ్చేదేనన్నాడు. మరి సిలోనేదని అడిగితే, సిలోన్ రేడియోదని, రేడియో తండ్రిదని, తండ్రి స్వర్గానిదని వరసగా విన్నవించాడు. హరనాథ్ ఇదంతా కాగితం మీద ఎక్కించుకుని, 'సరుకునకు, నామమునకు మధ్య సముద్రమంత వ్యత్యాసము కలదు' అని నోటీసు రాశాడు. తొంభై రోజుల్లోగా సిలోన్ నుంచి తేయాకు తెప్పించి అమ్మాలి. లేదా బోర్డు దింపాలి. కొట్టు లైసెన్సు ఆ బోర్డు పేరు మీదే ఉంది కనక బోర్డు దిగితే కొట్టూ దిగుతుంది.

గవరయ్య భార్య సన్యాసమ్మ పేరుకే సన్యాసమ్మ గాని సంసారమంతా ఆవిడ చేతిమీదుగానే నడిచేది. మొగుడు నోటీసు పట్టుకుని గోడకి చేరబడి కూచుంటే ఆవిడ అల్లం దంచడం ఆపకుండానే తీర్పు చెప్పేసింది.

"ఆ రేకు దింపీ మావా. ఇంకో పేరెట్టుకుని ఇంకో లైసెన్సు తెచ్చుకో. నీ టీ సేతిలో ఉంది గానీ రేకులో ఉందేటి?"

"అయ్య రాసిందే అది," అన్నాడు గవరయ్య. "నిచ్చెనెక్కి, ఎండలో నిలబడి రాసినాడు. 'లు' పట్టలేదని మూడ్రోజులు అన్నం తిన్లేదు. ఆడొచ్చి దింపీమంటే దింపీడానికి అదేటి ఎంగిలాకా?"

సన్యాసమ్మ చేతిలో అల్లం ఆ రోజు కాస్త ఎక్కువ నలిగింది.

కొట్టుకి రోజూ వచ్చే ఓడల ఏజెంటు గుమాస్తా ఒకాయన కొలంబోలో తనకి తెలిసిన వర్తకుడికి ఉత్తరం రాసి ఇరవై కిలోల డస్ట్ టీ పెట్టె ఒకటి తెప్పిస్తానన్నాడు. గవరయ్యకి ప్రాణం లేచొచ్చింది. ఇన్నేళ్ళూ పేరు చెప్పుకుని బతికిన ఆ సిలోన్ టీ రుచెలా ఉంటుందో అతను కూడా ఎరగడు. కొట్లో పొయ్యిమీద అది మొదటిసారి మరిగినప్పుడు తండ్రి ఫోటో ముందు ఓ గ్లాసు పెట్టి, తరవాత తనో గ్లాసు తాగాలని అనుకున్నాడు. ఇలాంటి చిన్న కోరికలే మనుషుల్ని పెద్ద ఆఫీసులకి తోలుకుపోతాయి.

తేయాకు దిగుమతికి లైసెన్సిచ్చేది విదేశీ పానీయ పదార్థముల దిగుమతి అనుమతుల సంచాలకుల కార్యాలయం. పేరంతా చదివేసరికి గొంతు ఎండి ఏ పానీయమైనా తాగబుద్ధేస్తుంది. దిగుమతి అన్న మాటకి అర్థం గవరయ్యకి ఆ మెట్ల మీదే తెలిసింది. మతితో వెళ్ళినవాడు అది దిగాకే బయటికి రావాలి.

మొదటి చిక్కు గుమ్మంలోనే. నమూనా జత చేయనిదే దరఖాస్తు తీసుకోరు. లైసెన్సు లేనిదే సరుకు రాకూడదు, సరుకు రానిదే నమూనా లేదు. మరెలాగని గవరయ్య అడిగితే అక్కడి సీనియర్ అసిస్టెంటు పద్మలోచనం చిరునవ్వు నవ్వి, ఇలాంటి వాటికి నిబంధనల్లో ఏర్పాటుందన్నాడు. సరుకు రావచ్చు, కాని వచ్చినట్టు కాదు. అంటే పెట్టె ఓడ దిగి షెడ్డులో 'రాని సరుకు' అన్న చీటీ అంటించుకుని కూర్చుంటుంది. దానిలోంచి నమూనా తీయవచ్చు. అలా తీసినది కూడా తీసినట్టు కాదు.

పెట్టె వచ్చింది. అనగా రాలేదు.

పద్మలోచనానికి కళ్ళద్దాలు సీసా అడుగుల్లా ఉండేవి. తామరల వంటి కన్నులని తల్లిదండ్రులు ఏ తొందరలో పేరు పెట్టారో గాని అవి ఎప్పుడూ విచ్చుకునేవి కావు. దరఖాస్తులోని పేరు ఆయన ముక్కుతో చదివినంత దగ్గరగా చదివి రిజిస్టరులోకి ఎక్కించాడు. రెండు వారాల తరవాత గవరయ్యకి జవాబొచ్చింది.

'శ్రీ మజ్జిగ వరయ్య గారికి. తమరు మజ్జిగ వ్యాపారులని తమ నామము వలన స్పష్టమగుచున్నది. పాడి ఉత్పత్తుల వ్యాపారులు తేయాకు దిగుమతి చేయుట నిషేధము. తమరు మజ్జిగ కానట్లు సంబంధిత విభాగము నుండి నిరభ్యంతర పత్రము సమర్పించవలెను.'

గవరయ్య పరిగెత్తుకెళ్ళి తన పేరు మధ్య ఖాళీ 'జ్జి' తరవాత రావాలని, 'గ' తరవాత కాదని మొరపెట్టుకున్నాడు. పద్మలోచనం ఓపికగా విన్నాడు. ఖాళీని జరిపే అధికారం తనకి లేదని, ఖాళీలు భర్తీ చేయడానికే సర్కారు దగ్గర మనుషులు లేరని, ఇక జరపడానికి ఎక్కడుంటారని అన్నాడు. పాల విభాగానికి వెళ్ళి పత్రం తెచ్చుకోవడమే దగ్గర దారి.

పాల విభాగం వాళ్ళు గవరయ్యని మూడు రోజులు తిప్పి, ఒక కిలో తేయాకు నమూనాగా పుచ్చుకుని, చివరికి కాగితం ఇచ్చారు. 'పై వ్యక్తిని పరిశీలించడమైనది. ఇతనిలో వెన్న శాతము శూన్యము. చిలికినను ఫలితము లేదు. కావున ఇతడు మజ్జిగ కాడని ధ్రువీకరించడమైనది.'

సన్యాసమ్మ ఆ కాగితాన్ని పొరుగింటి పిల్లచేత రెండుసార్లు చదివించుకుంది. ఆమె ముఖంలో నవ్వు తొంగి చూసింది గాని మొగుడు నడుం పట్టుకుని మంచమెక్కడం చూసి మింగేసింది. మూడు రోజులు బల్లల ముందు నిలబడ్డందుకు వెన్నపూస లేదని రాసిచ్చి, ఉన్న వెన్నుపూస కాస్తా అరగదీసి పంపారు.

ఇక ఫైలు కదులుతుందనుకున్నాడు. కదిలింది. ఈ కార్యాలయంలో ఫైళ్ళు కదలవనేవాళ్ళు గిట్టనివాళ్ళు. ఫైలెప్పుడూ కదులుతూనే ఉంటుంది, ఊయల కదిలినట్టు.

ఆ కార్యాలయానికి సంచాలకులు ఓరుగంటి విశ్వంభరం గారు. సంచాలకులంటే సంచరించేవారని అర్థం గాని ఆయన కుర్చీ వదిలి సంచరించగా చూసినవారు లేరు. ఆయనకి తెలుగు మీద అభిమానం మెండు. తన ఆఫీసులో ఒక్క పరభాషా పదం వినబడితే బల్లమీద గంట కొట్టేవారు. టీ అన్నా గంటే. టీకి తెలుగు చెప్పండి, దానికి టీక చెప్పండి, టీకకి తాత్పర్యం చెప్పండి అంటూ సిబ్బందిని పీడించేవారు. ఆయన భయానికి పద్మలోచనం గవరయ్య దరఖాస్తులో ఉన్న 'డస్ట్ టీ' అన్న రెండు ముక్కల్లో రెండోది కొట్టేసి, మొదటిదాన్ని తెలుగు చేశాడు. ఇరవై కిలోల ధూళి.

ధూళి అన్నాక అది ధూళి నివారణ విభాగానికి వెళ్ళక తప్పదు. ఆ విభాగం అధికారి గవరయ్యని పిలిపించి కిటికీ తెరిచి చూపించాడు. బయట బొగ్గుపొడి గాలిలో తేలుతూ, ఎదురింటి డాబా మీద ఆరేసిన పంచెల్ని పంచెలని గుర్తుపట్టనీయకుండా చేస్తోంది.

"చూశారా," అన్నాడాయన. "మనకున్న ధూళి మన ఊపిరితిత్తులకే మిగిలిపోతోంది. స్వదేశీ ధూళి ఇంత సమృద్ధిగా ఉండగా విదేశీ ధూళి తెప్పించడంలో మీ ఉద్దేశం ఏమిటి?"

"తాగడానికి బాబూ."

"ఇది తాగడం లేదా జనం? ఉచితంగా తాగుతున్నారు."

గవరయ్య దగ్గుతూ కిటికీ మూశాడు. ఆ అధికారి రెండు కిలోల ధూళి నమూనాగా తీయించి, దాన్ని చెంచాతో వేడినీళ్ళలో కలిపి, పాలు పంచదార జోడించి, సిబ్బంది అందరిచేతా ఉదయం సాయంత్రం పరీక్ష చేయించాడు. పరీక్ష నలభై రోజులు నడిచింది. ఫలితం మీద వాళ్ళకి ఎంతకీ అనుమానం తీరలేదు. ఎట్టకేలకి నమూనా అయిపోయిన రోజున 'ఇది ధూళి కాదు, ఆకు' అని రాసి పంపారు.

ఆకు అనేసరికి ఆకుల విభాగం వాళ్ళు మేల్కొన్నారు. ఆకుంటే చెట్టుండాలి, చెట్టేదన్నారు. చెట్టు కొలంబో అవతల కొండమీద ఉందంటే, ఆకు పచ్చగా లేదేమని నిలదీశారు. ఎండబెట్టారు బాబూ అన్నాడు గవరయ్య. అయితే అది చచ్చిన ఆకన్నమాట. విదేశంలో మరణించి స్వదేశానికి తేబడు దేనికైనా మరణ ధ్రువపత్రం ఉండాలి. ఓడల గుమాస్తా పాపం మళ్ళీ కొలంబోకి రాశాడు. అక్కడి వర్తకుడు ఈ ఉత్తరం చదివి ఏమనుకున్నాడో గాని తన దుకాణం ముద్ర వేసి 'ఆకు చనిపోయినది, కారణము: కోయుట, ఎండబెట్టుట, అంత్యసమయమున బాధ పడలేదు' అని రాసి పంపాడు. ఆకుల విభాగం రెండు కిలోలు తీసుకుని సంతాపం వెలిబుచ్చింది.

వీళ్ళ తరవాత తూనికల వాళ్ళొచ్చి, పెట్టెలో ఉండవలసిన ఇరవై కిలోలు లేవేమని కేసు రాయబోయి, రెండు కిలోలకి రాయడం మానేశారు. నీళ్ళు మరిగితే టీ అవుతుంది. మనుషులు మరిగితే ఆఫీసవుతుంది.

తొంభై రోజుల్లో డెబ్బై ఎనిమిది అయిపోయాయి. గవరయ్య కొట్టు పొద్దున్న తెరిచి సన్యాసమ్మకి అప్పగించి ఆఫీసుకి పోయేవాడు, సాయంత్రం వచ్చి బోర్డు కేసి చూసి నిట్టూర్చేవాడు. కలాసీలు అతని ముందు సిలోన్ ఊసెత్తడం మానేశారు. ఇంట్లో రోగి ఉంటే రోగం పేరు ఎత్తరు, అలాగ. ఇక లాభం లేదని అతను ఒకనాడు తలగుడ్డ తీసి చంకలో పెట్టుకుని నేరుగా విశ్వంభరం గారి గదిలోకి నడిచాడు.

విశ్వంభరం గారు అతన్ని కూర్చోమనలేదు గాని, దరఖాస్తు మాత్రం బల్లమీద కూర్చుని ఉంది. అందులో ధూళి కొట్టేసి ఆకు, ఆకు కొట్టేసి తేయాకు అని మూడు రంగుల సిరాల్లో రాసి ఉంది. ఆయన తేయాకు అన్న మాట మీద వేలు పెట్టి చాలాసేపు ధ్యానించారు.

"వరయ్య గారూ, ఇది ఎవరిని ఉద్దేశించి అన్నమాట?"

"గవరయ్యండి. ఎవుర్నీ అన్లేదండి బాబూ. అది ఆకు."

"తే, ఆకు. తే అనగా తీసుకురా అని. ఏకవచనం. దరఖాస్తు చేరినది ప్రభుత్వానికి. ప్రభుత్వాన్ని తే అని శాసిస్తున్నారా? తెండి అనవద్దూ?"

గవరయ్య వెంటనే తెండాకు అని రాసుకోమన్నాడు. విశ్వంభరం గారు తల అడ్డంగా ఊపారు. ప్రభుత్వాన్ని బతిమాలినట్టుండడమూ మర్యాద కాదు. కర్మణి ప్రయోగమే శరణ్యం, తేబడునాకు అంటే ఎవరు తెచ్చారో, ఎవరు తెమ్మన్నారో తెలియకుండా ఉంటుంది, ప్రభుత్వ వ్యవహారాలకి అది అన్నివిధాలా క్షేమమని సెలవిచ్చారు. అయితే ఈ మూటిలో ఏది ఖాయం చేయాలన్నది తన ఒక్కడివల్ల అయ్యేది కాదన్నారు. ఉపసంఘం వేశారు. ఉపసంఘం ఐదు రోజులు కూర్చుంది. ఏదో ఒకటి తాగకుండా ఆలోచన సాగదు కనక మరో రెండు కిలోలు నమూనా పోయింది.

ఐదో రోజున ఉపసంఘానికి ఒక ఘోరం కంటబడింది. తే ఒక పదం, ఆకు ఒక పదం. రెండూ స్వదేశీయులే, రెంటికీ పత్రాలున్నాయి. మరి వాటి మధ్య ఈ 'య' ఎవరు? ఎక్కడిది? తే వెంట రాలేదు, ఆకు వెంట రాలేదు. వ్యాకరణం తెలిసిన సభ్యుడొకాయన అది యడాగమం, రెండు అచ్చుల నడుమ దానంతటదే వచ్చి చేరుతుందని వివరించబోయాడు. అంతే, విశ్వంభరం గారు గంట మోగించారు.

"ఆగమం అనగా వచ్చుట. వచ్చుట అనగా దిగుమతి. అనుమతి లేని దిగుమతి నా కార్యాలయంలో, నా కళ్ళముందు, నా దస్త్రంలోనే జరుగుతోంది. మనం ఇరవై కిలోల పెట్టె కోసం కాపలా కాస్తూ ఒక అక్షరాన్ని వదిలేశాం. తక్షణం ఆ 'య'ని తొలగించండి. మిగిలిన దానికి అనుమతి మంజూరు చేయండి."

ఉత్తర్వు పద్మలోచనం బల్లకి చేరింది. ఆయన కంప్యూటరు ముందు కూర్చుని, తెరకి ముక్కు ఆనించి, అనుమతి లేని అక్షరాన్ని కనిపెట్టి తొలగించాడు. దాని వెంట దాని దీర్ఘమూ పోయింది. ఇంట్లోంచి అతిథిని గెంటాక అతని చేతిసంచి మనకెందుకు. మిగిలినది అచ్చు వేసి, ముద్ర కొట్టి, సంతకం చేయించి, ఎనభై తొమ్మిదో రోజు సాయంత్రం గవరయ్య చేతిలో పెట్టాడు.

గవరయ్య ఆ కాగితాన్ని కళ్ళకద్దుకుని తిన్నగా పోర్టు షెడ్డుకి వెళ్ళాడు. అక్కడున్న ఉద్యోగి దాన్ని పైకీ కిందకీ చదివి, గవరయ్య కేసి జాలిగా చూసి గట్టిగా చదివి వినిపించాడు.

'శ్రీ మజ్జి గవరయ్య గారికి సిలోను నుండి తేకు నిమిత్తము ఇందుమూలముగా అనుమతి మంజూరు చేయడమైనది.'

తేకు. అంటే తేవద్దు. పేరులో ఖాళీ ఎట్టకేలకి చోటు మారింది గాని, సరుకు పేరులో కొత్త ఖాళీ పడింది. ఇన్నాళ్ళూ రాని సరుకుగా ఉన్న పెట్టె ఇప్పుడు రాకూడని సరుకైపోయింది. తేవద్దన్న అనుమతి ఉండగా తెచ్చాడు గనక నేరమూ అయింది. ఆ రాత్రే మిగిలిన పదకొండు కిలోలతో సహా పెట్టెని జప్తు చేసి, సంచాలకుల కార్యాలయం వారి సురక్షితమైన అదుపులోకి తరలించారు. గవరయ్య ఇంటికొచ్చి, జరిగింది చెప్పి, గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆకుకి అందకుండా, పోకకి పొందకుండా అయిపోయింది అతని బతుకు.

తొంభయ్యో రోజు ఉదయం హరనాథ్ జీపూ, జీపు మీద నిచ్చెనా వచ్చాయి. నిచ్చెన బోర్డుకి ఆనించారు. కలాసీలు గుమిగూడారు. గవరయ్య గుంజకి చేరబడి నిలబడితే, సన్యాసమ్మ పొయ్యి దగ్గర్నుంచి లేచి, అతని చొక్కా జేబులోంచి ఆ లైసెన్సు లాగి ఇన్‌స్పెక్టరు ముందు పెట్టింది.

"ఇది సూడు బాబూ. మీ సర్కారోళ్ళే రాసినారు, తేవొద్దని. తేవొద్దన్నది తేలేదని బోర్డు దింపీడానికొచ్చినావు. ముందు మీరూ మీరూ ఓ మాట మీదకి రండి, అంతవరకు నిచ్చెన అక్కడే ఉంటది, టీ తాగు."

హరనాథ్ కాగితం తీసుకున్నాడు. చదివాడు. వెనక్కి తిప్పి ముద్ర చూశాడు. అతని ముఖంలో రంగులు మారాయి. నోటీసు ప్రకారం గవరయ్య సిలోన్ తేయాకు తేవాలి. కాని ఈ కాగితం ప్రకారం తేకపోవడానికి అతనికి ప్రభుత్వం అనుమతి మంజూరు చేసింది. తేకపోవడం ఇంతకుముందు తప్పు, ఎందుకంటే అది లైసెన్సు లేకుండా తేకపోవడం. ఇప్పుడు లైసెన్సు పుచ్చుకుని తేకపోతున్నాడు. అనుమతి పొందిన పనిని చేస్తున్నవాడి బోర్డు దింపితే దింపినవాడి ఉద్యోగం దిగుతుంది.

అతను నిచ్చెన తీయించాడు. బోర్డుకి, దానికింద ఒంటరిగా ఉన్న 'లు'కి కూడా నమస్కారంలాంటిది ఒకటి చేశాడు. పంచనామాలో 'ఈ దుకాణమునందు సిలోను తేయాకు సక్రమముగా, చట్టబద్ధముగా లేదు' అని రాసుకుని, గవరయ్యచేత సంతకం పెట్టించుకుని వెళ్ళిపోయాడు. కలాసీలు గవరయ్యని భుజాలకెత్తుకున్నారు. వెన్నుపూస సంగతి గుర్తొచ్చి అతను దింపమని గోల పెట్టాడు.

సంగతి ఊరంతా పాకింది. మర్నాటి నుంచి సంచాలకుల కార్యాలయం ముందు బారులు తీరారు. బందరు లడ్డు వాడు బందరు తేకు లైసెన్సుకి, పోలమ్మ మైసూరు తేకు లైసెన్సుకి, కాశ్మీరు శాలువాల షాపతను కాశ్మీరు తేకు లైసెన్సుకి. విశ్వంభరం గారు ముందు తెల్లబోయారు గాని, తెల్లబోయిన ముఖంతోనే ఫోటోలు దిగారు. తెచ్చుటకు అనుమతులిచ్చే కార్యాలయాలు దేశంలో ఎన్నో ఉన్నాయని, తేకుండుటకు అనుమతులిచ్చేది తమదొక్కటేనని, దీనివలన విదేశీ సరుకుల రాక పూర్తిగా నిలిచిపోయిందని ఒక సభలో ప్రకటించారు. పై నుంచి అభినందన పత్రం వచ్చింది. యడాగమాన్ని పట్టుకున్న ఉపసంఘానికి విడిగా శాలువాలు కప్పారు. అవి ఎక్కడివని ఎవరూ అడగలేదు.

గవరయ్య మునుపటిలాగే కురుపాం మార్కెట్ పొడితో టీ కాచుకుంటూ బతికాడు. ఒక్కటే తేడా. ప్రతి నెలా ఇద్దరు ఉద్యోగులు వచ్చి అతను సిలోన్ తేయాకు తేకుండానే ఉన్నాడని డబ్బాలన్నీ వెతికి నిర్ధారించుకునేవారు. తేకుండా ఉండడంలో అలసత్వం కనిపిస్తే లైసెన్సు రద్దవుతుందని హెచ్చరించి, ఎంతో శ్రద్ధగా తేకుండా ఉన్నాడని మెచ్చుకుని పోయేవారు.

ఏడాది తిరిగింది. లైసెన్సు పునరుద్ధరణకి గవరయ్య మళ్ళీ ఆ మెట్లెక్కాడు. ఈసారి పద్మలోచనం లేచి ఎదురొచ్చి కుర్చీ వేశాడు. తేకు లైసెన్సుదారుల్లో మొదటివాడంటే ఆ ఆఫీసులో గౌరవం ఉంది. ఫారం, పెన్నూ ముందు పెట్టి, అటెండరుకి సైగ చేశాడు. పొగలు కక్కుతూ రెండు కప్పులొచ్చాయి.

గవరయ్య మర్యాదకి ఒక గుక్క వేశాడు. వేసి ఆగిపోయాడు. నలభై ఏళ్ళు టీ కాచిన నాలుక అది. ఇంత పల్చటి ఎరుపులో అంత పట్టు ఎక్కడిదో దానికి అర్థం కాలేదు. మెల్లగా రెండో గుక్క వేశాడు. వాసన ముక్కులోకి వెళ్ళి ఎక్కడో వెనకాల తలుపు తీసింది.

"ఎలా ఉంది?" అన్నాడు పద్మలోచనం సంతోషంగా. "మీ పెట్టెలోదే. సురక్షితమైన అదుపులో ఉందిగా, ఏమీ పాడవలేదు. ఇంకో నాలుగు నెలలు వస్తుంది. తాగండి, తాగండి, చల్లారిపోతుంది."

సిలోన్ టీ ఇదన్నమాట. తండ్రి ఇంతకాలం నెత్తిమీద పేరు రాసిపెట్టుకుని ఒక్క చుక్క ఎరగకుండా వెళ్ళిపోయాడు. కళ్ళు చెమ్మగిల్లాయి. పొగ తగిలిందేమో అనుకుని పద్మలోచనం ఫారం అతని వైపు జరిపి, అన్నీ తాను నింపేశానని, ఒక్క పద్నాలుగో గడి మాత్రం దరఖాస్తుదారు స్వయంగా రాయాలన్నాడు.

'గడచిన సంవత్సరకాలములో దరఖాస్తుదారుడు సిలోను తేయాకును తెచ్చుట, దాచుట, చూచుట లేదా రుచి చూచుట జరిగినదా? జరిగినచో లైసెన్సు రద్దగును.'

ఎడం చేతిలో కప్పు, కుడి చేతిలో పెన్ను. గవరయ్య ఆ గడి కేసి చూశాడు. బోర్డు కనిపించింది, కొట్టు కనిపించింది, అల్లం దంచుతున్న సన్యాసమ్మ కనిపించింది. కప్పులో మిగిలినదంతా అడుగు దాకా, ఒక్క చుక్క వదలకుండా తాగేశాడు. మూతి తుడుచుకుని 'లేదు' అని రాశాడు.

కింద సాక్షి సంతకం ఒకటి కావాలి. పద్మలోచనం తన కప్పు కింద పెట్టి, పెన్ను అందుకున్నాడు.